తోబా బూడిద: సుమత్రా సరస్సు నుంచి నాగావళి లోయ దాకా

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురంలో నేలను తవ్వి, అంట్లు తోమే పొడుల తయారీకి అమ్ముతూ వచ్చిన పిండిలాంటి తెల్లని మన్ను నిజానికి మన్ను కాదు, 2,600 కి.మీ. దూరాన, ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో, సుమారు 74,000 ఏళ్ల కిందట పేలిన తోబా అగ్నిపర్వతపు బూడిద. గిన్నెలను బూడిదతో తోమడం తెలుగిళ్లలో తరతరాల అలవాటే అయినా, పొయ్యి బూడిద కట్టె కాలగా మిగిలేది కాగా, ఇది శిలాద్రవంలోని వాయువులు నురగలా పొంగి పగిలినప్పుడు చిట్లిన గాజు. గిన్నె అడుగున పట్టిన మకిలిని గీకి వదిలించేది కంటికి కనిపించని ఆ పెంకుల పదునే.

తోబా నేడు పర్వతంగా కాక సరస్సుగా కనిపిస్తుంది. అగ్నిపర్వతం కడుపులోని శిలాద్రవం భారీగా ఒక్కసారిగా బయటికి వెళ్లిపోయినప్పుడు, ఆధారం కోల్పోయిన పైనేల కుంగి ఏర్పడే పెనుగుంటను కాల్డెరా అంటారు. సుమారు 100 కి.మీ. పొడవు, 30 కి.మీ. వెడల్పు గల అటువంటి గుంటలో నీరు చేరి తోబా సరస్సు అయింది. అడుగున మళ్లీ చేరిన శిలాద్రవం పైకి నెట్టగా లేచిన నేలే దాని నడుమ ఉన్న సమోసిర్ దీవి. ఈ సరస్సు పుట్టుకను 1929లో వివరించినవాడు డచ్చి భూవిజ్ఞాని వాన్ బెమ్మెలెన్. సముద్రపు అడుగు ఫలకం సుమత్రా కిందికి దూరిపోతూ ఉండటమే అక్కడి అగ్నిపర్వతాలకూ భూకంపాలకూ మూలం. 2004 డిసెంబరు 26న ఆంధ్ర తీరానికి సునామీని పంపిన 9.1 తీవ్రత గల భూకంపం ఆ కదలికలోనిదే.

ఇక మన వైపు వస్తే, తూర్పు కనుమలలోని సాలూరు కొండలను చూసి ఇవీ ఒకనాటి అగ్నిపర్వతాలేమో అనుకోవడం పొరపాటు. ఈ తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే కోండలైటు, పూర్వం నీటి అడుగున పేరుకున్న బురద నేల లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోగా ఏర్పడిన రాయి; 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని కోదుల పేరిట దానికి ఆ పేరు పెట్టాడు. ఒక గిరిజన జాతి పేరు ప్రపంచ శిలాశాస్త్రంలో నిలిచిపోవడం ఈ మన్యానికి దక్కిన గౌరవం. అయితే నిప్పు ఇక్కడ పుట్టకపోయినా బూడిద మాత్రం వచ్చి చేరింది: వంశధార, నాగావళి లోయల్లో తోబా బూడిద పొరలను గుర్తించారు, సాలూరు పక్కగా పారే వేగావతి ఆ నాగావళికే ఉపనది.

ఆ బూడిద రాలిన కాలంలో మనుషులేమయ్యారన్న ప్రశ్నకు జ్వాలాపురమే గట్టి సమాధానం చెప్పింది. సూర్యరశ్మి మరుగుపడి, లోకం చల్లబడి, మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ వాదించగా, పురావస్తు శాస్త్రవేత్తలు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం జ్వాలాపురం ఉన్న జుర్రేరు వాగు లోయలో తవ్వకాలు జరిపి, బూడిదకు దిగువనా ఎగువనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. ఆకాశం నుంచి రాలినది కొద్ది అంగుళాలే. వానలు గట్ల మీది బూడిదను కడిగి లోయలోకి తెచ్చి పోయడంతో పొర రెండు మీటర్లకు పైగా పేరుకుంది. చెట్టూ చేమను బూడిద కప్పినా, అదే వాగు ఒడ్డున అదే పద్ధతిలో రాయి చెక్కినవారు మిగిలారన్నమాట.

అంతటి సాక్ష్యాన్ని బస్తాలకెత్తి అమ్ముకోవడం తీరని నష్టం. పొట్టకూటికి తవ్విన కూలీలది తప్పు కాదు. దాని విలువ వారికి వేళకు చెప్పనివారిదే తప్పు. నాగావళి, వేగావతి ఒడ్డులలో బావికో పునాదికో తవ్వేటప్పుడు తెల్లని, పిండిలాంటి, వేళ్ల మధ్య గరగరలాడే పొర కనిపిస్తే, దాన్ని ఎత్తిపోయక ముందే భూగర్భ శాస్త్రం తెలిసినవారికి చూపించండి.