గాజు పలక మీద ఆకాశం

మా నాయన కోడంబాకంలో ఆకాశాలు వేసేవాడు. స్టూడియో ఫ్లోరులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగించి కట్టిన గుడ్డ మీద మబ్బులు, కొండలు, దూరాన ఒక కోట. ఇంట్లో తెలుగు, పనిలో సగం అరవం, కెమెరా పక్కన నాలుగు ఇంగ్లీషు ముక్కలు. ఏ సినిమా టైటిళ్ళలోనూ ఆయన పేరు రాలేదు.

ఈ మధ్య మా మనవరాలు కంప్యూటరు మీద తను వేసిన బొమ్మ ఒకటి చూపించింది. ఎండిపోయిన సముద్రం. నడుమ ఇసుకలో సగం దిగబడిన గోపురం, గోపురానికి రాకెట్టు రెక్కలు. ఆకాశంలో ఇద్దరు చంద్రులు. సైన్సూ, మాయా కలిసిన ఇలాంటి లోకాలను కల్పించడమే ఆ పిల్ల బతుకుతెరువు చేసుకుంటానంటోంది. ఇంట్లో అడ్డం చెప్పినవాణ్ణి నేనే. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ బొమ్మ వెనక ఉన్న చరిత్ర కొంత చెప్పాలి, ఎందుకంటే అందులో పెద్ద భాగం మన మద్రాసులో, మన భాషలో జరిగింది.

లేని ఊరిని ఉన్నట్టు చూపించే విద్య సినిమాతోపాటే పుట్టింది. 1907లో అమెరికాలో నార్మన్ డాన్ అనే ఆయన కాలిఫోర్నియాలోని పాత చర్చీలను చిత్రీకరిస్తూ, కూలిపోయిన కప్పులను ఒక గాజు పలక మీద రంగులతో వేసి, ఆ పలకను కెమెరా ముందు నిలబెట్టాడు. పలకలో ఖాళీగా వదిలిన చోట అసలు గోడలు కనిపిస్తాయి, వేసిన చోట కప్పు కనిపిస్తుంది. చూసేవాడికి రెండూ ఒకటే. ఇందులో కుంచె పని కన్నా కష్టమైనది వెలుగు పని. బొమ్మలో నీడ ఎడమకు పడితే బయట నీడా ఎడమకే పడాలి. సూర్యుడు మన కోసం ఆగడు గనక, రెండు నీడలూ కలిసే ఆ కాసేపట్లోనే షాటు తీసుకోవాలి. ఆ వేళ దాటితే ఎంత గొప్ప బొమ్మయినా అబద్ధమని తెలిసిపోతుంది.

మన దగ్గర ఈ విద్యకు పెద్ద బడి వడపళని. వాహినీలో తీసిన ‘పాతాళ భైరవి’ 1951లోనూ, ‘మాయాబజార్’ 1957లోనూ వచ్చాయి. రెండింటికీ దర్శకుడు కె.వి.రెడ్డి గారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. నాయన వాటికి పని చేయలేదు, అది ముందే ఒప్పుకోవాలి. ఆయనది మరో చిన్న స్టూడియో. కాని కుంచె పట్టినవాళ్ళందరూ సాయంత్రం ఒకే టీ కొట్టు దగ్గర చేరేవాళ్ళు. ఎవరు ఏం చేస్తున్నారో అక్కడే తెలిసేది.

ద్వారకానగరానికి సుమారు మూడు వందల చిన్న చిన్న ఇళ్ళతో నమూనా కట్టారని చెబుతారు. చిన్నదాన్ని పెద్దదిగా నమ్మించేది కూడా వెలుగే. దగ్గర ఇల్లు స్ఫుటంగా, దూరపు ఇల్లు పొగ మంచులో ఉన్నట్టు కాస్త వెలిసిపోయి కనిపించాలి. మన కళ్ళు దూరాన్ని కొలిచేది అలాగే. నాయన తన తెరల మీద కొండలకు వెనక్కి పోయేకొద్దీ సున్నం ఎక్కువ కలిపేవాడు. సాంబ్రాణి పొగ వేసి, అందులోంచి ఒక్క దీపాన్ని పక్క నుంచి కొట్టిస్తే ఆరడుగుల గుహ అరమైలు గుహ అవుతుందనేవాడు.

ఇక బార్ట్‌లే వెన్నెల. రంగు లేని సినిమాలో వెన్నెలంటే ఏమిటి? నీలం లేదు, వెండి లేదు, ఉన్నదంతా బూడిద రంగు. పడవ పాటలో వెనక నుంచి వచ్చే వెలుగు నీళ్ళ మీద తళుక్కుమంటుంది, ముఖాల మీద నీడ మెత్తగా ఉంటుంది, అంతే. బార్ట్‌లే ఆంగ్లో-ఇండియన్. తర్వాత 1965లో మలయాళంలో ‘చెమ్మీన్’ తీసిందీ ఆయనే. తెలుగువాడి వెన్నెలను ఆయన చూసినంత బాగా మనవాళ్ళు ఎందరు చూశారో నాకు అనుమానమే.

2010లో ‘మాయాబజార్’కు కంప్యూటరుతో రంగులు అద్ది విడుదల చేశారు. పని చేసినవాళ్ళ ఓపికను తప్పు పట్టను. కాని ఆ వెన్నెలకు రంగు అవసరమా అనిపించింది.

ఆ సెట్టులో కె.వి.రెడ్డి గారికి సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు గారే 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. కాలయంత్రం ఎక్కి కొందరు 1526లో కృష్ణదేవరాయల కొలువుకు, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి వెళ్తారు. మన కన్నడ దేశపు తెలుగు పాఠకులకు హంపి వాకిటి ఊరే గదా! మొదలుపెట్టిన పి.సి.శ్రీరామ్ అనారోగ్యంతో తప్పుకోగా, రాయల కాలాన్ని వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తును కబీర్ లాల్ చిత్రీకరించారు. అవసరం కొద్దీ జరిగిందే అయినా మూడు కాలాలను మూడు కళ్ళు చూడటం ఆ కథకు కలిసొచ్చిందని నా అభిప్రాయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో గాజు పలక మూలబడటం మొదలైంది. నోల్ సోదరులు తయారుచేసిన ఫోటోషాప్ 1990లో మార్కెట్టుకు వచ్చింది. వాళ్ళలో జాన్ సినిమా మాయలు చేసే సంస్థలో ఉద్యోగి. గాజు బదులు పొరలు వచ్చాయి. ఆకాశం ఒక పొర, కోట ఒక పొర, పొగ ఒక పొర. సూర్యుణ్ణి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. 2015లో ‘బాహుబలి’ మాహిష్మతి, 2024లో ‘కల్కి 2898 ఏడీ’లోని కాశీ ఈ దారినే వచ్చాయి.

నాయన అంత దూరం చూడలేదు. సినిమా హైదరాబాదుకు తరలింది, మిగిలినవాళ్ళు అవుట్‌డోరుకు పోయారు. గుడ్డ మీద ఆకాశం అడిగేవాడు లేడు. ఆయన పని చేసిన స్టూడియో మూతపడ్డప్పుడు ఆరు నెలల కూలి రావలసి ఉంది, రాలేదు. చివర్లో కొట్ల బోర్డులు రాశాడు. వేళ్ళు వణికేవి. ఆయన పోయాక కుంచెలను పాత సామాన్లవాడికి వేసింది నేనే. మనవరాలికి అడ్డం చెప్పింది అందుకు.

ఆ పిల్ల వాదించలేదు. ‘‘తాతా, కూర్చో’’ అని ఆ బొమ్మ మొదటి నుంచి ఎలా కట్టిందో ఒక్కొక్క పొరా తీస్తూ చూపించింది. ఇద్దరు చంద్రులు పోయారు, పొగ పోయింది, రంగులన్నీ పోయాయి. అడుగున ఉన్నది నలుపు, తెలుపు, నడుమ నాలుగు బూడిద ఛాయలు. వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో ముందు అందులోనే తేల్చుకుంటారట, రంగు సంగతి తర్వాతేనట.

నాయన కూడా గుడ్డ మీద చెయ్యి వేసేముందు అట్ట ముక్క మీద బొగ్గుతో అదే చేసేవాడు. ఆ మాట చెప్పాను. ‘‘ముత్తాత అట్టముక్కలేమైనా ఉన్నాయా?’’ అని అడిగింది.

అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. ఇంకా దించలేదు.