బెత్తం వద్దన్నారు సరే, బదులుగా టీచర్లకు ఏం నేర్పారు?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని దాని 17వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలంది. అంతకు కాస్త ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ అధ్యయనం ఎనిమిదేళ్ల పిల్లల్ని అడిగితే, గడిచిన వారంలో బడిలో దెబ్బలు తిన్నామని నాలుగింట మూడొంతుల మందికి పైగా చెప్పారు. ఇంత పాతుకుపోయిన అలవాటు ఒక్క సెక్షన్‌తో పోదు. కొట్టకుండా క్లాసు ఎలా నడపాలో టీచర్‌కు ఎవరో ఒకరు నేర్పాలి. డీఎడ్, బీఎడ్‌లలో బాల మనోవిజ్ఞానం చదువుతారు, పరీక్ష రాస్తారు. గోల చేస్తున్న యాభై మంది ముందు నిలబడి ఏం చేయాలో సాధన చేయించడం మాత్రం అరుదు.

దళిత పిల్లల విషయంలో ఈ లోటు మరింత బరువైనది. బెత్తం పోయిన చోట నోరు మిగిలింది. కులం పేరుతో తిట్టడం, వెనక వరసలో కూర్చోబెట్టడం, చీపురు వాళ్ల చేతికే ఇవ్వడం కూడా 'క్రమశిక్షణ' కింద చెల్లిపోతున్నాయి. 'స్కాలర్‌షిప్ వాళ్లు లేచి నిలబడండి' అనే మాటనైతే తప్పుగా ఎవరూ అనుకోరు. దాని ప్రభావం ఏమిటో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం చూపింది. 6, 7 తరగతుల అబ్బాయిలకు దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు నిమ్న కులాల పిల్లలు మిగతావాళ్లతో సమానంగా చేశారు. అందరి ముందు కులం చదివి వినిపించాక వాళ్లు పూర్తి చేసిన పజిళ్లు తగ్గిపోయాయి. పిల్లలూ పజిళ్లూ అలాంటివే, మారింది టీచర్ స్థానంలో ఉన్న మనిషి పలికిన మాటే.

తరగతి నిర్వహణ పుట్టుకతో వచ్చే ప్రతిభ కాదు, నేర్పదగ్గ పని. అమెరికాలో జాకబ్ కౌనిన్ తరగతులను వీడియో తీసి పరిశీలించి 1970లో పుస్తకం రాశారు. అల్లరి జరిగాక మందలించే తీరులో మంచి టీచర్లకూ మిగతావాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనిపించలేదు. తేడా అంతా అల్లరికి ముందే ఉంది. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచర్‌కు తెలుసని పిల్లలకు తెలియడం, ఒక పని నుంచి మరో పనికి గందరగోళం లేకుండా మారడం, పిల్లలు ఖాళీగా కూర్చోకుండా చూడటం. వీటిని తోటి టీచర్ల ముందు చేసి చూపించి, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకోవచ్చు. 'ఏంట్రా ఆ గోల' అని అరవడానికి బదులు బల్ల దగ్గరకు వెళ్లి, పేరుతో పిలిచి, 'పన్నెండో పేజీ తియ్యి' అని మెల్లగా చెప్పడం కూడా సాధనతోనే వస్తుంది.

మేరీ బడ్ రో పరిశోధన మా పాఠకులకు ప్రత్యేకంగా పనికొస్తుంది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని ఆమె గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, అంతవరకు నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. ఇంట్లో తొలిసారి బడి మెట్లెక్కిన పిల్లకు ఆ రెండు సెకన్లు చిన్నవేమీ కావు. మొద్దు అన్న ముద్ర చాలాసార్లు పడేది అక్కడే.

ప్రతి టీచర్‌కూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అందులో సాధనకు ఎన్ని గంటలు, కులం గురించి ఏముంది, శిక్షణ తర్వాత క్లాసుకు వచ్చి చూసేదెవరు అని జిల్లా విద్యాశాఖను సమాచార హక్కు కింద అడగవచ్చు. బడిలో అడగడానికి యాజమాన్య కమిటీ ఉంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. ఊడ్చే వంతులు, కూర్చునే వరసలు ఎలా మారుతున్నాయో గోడ మీద రాయించమనడంతో మొదలుపెట్టవచ్చు.

ఒక జాగ్రత్త. నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు 'టీచర్‌ను శిక్షణకు పంపుతాం' అని రాజీ కుదర్చబోతే ఒప్పుకోవద్దు. కేసు కేసే, శిక్షణ శిక్షణే.