93,63,584: ఒక దోస్తీ హిసాబ్

93,63,584. ఈ అదద్‌కి ఒక దోస్త్ ఉంది: 94,37,056. మొదటిదాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నిటినీ, దాన్ని మాత్రం వదిలేసి, కూడితే రెండోది వస్తుంది. రెండోదాని భాజకాలు అలాగే కూడితే మొదటిది. అరబీలో ఇలాంటి జతల్ని ‘ముతహాబ్బా’ అన్నారు. మొహబ్బత్ ఏ ధాతువులోంచి వచ్చిందో ఇదీ అందులోంచే.

యూనానీల నుంచి అందిన జత ఒక్కటే: 220, 284. 284ని 1, 2, 4, 71, 142 భాగిస్తాయి. కూడి చూడండి, 220. ఈ రెంటినీ మొహబ్బత్ తావీజుల్లో వాడతారని ఇబ్నె ఖల్దూన్ ముఖద్దిమాలో ప్రస్తావించాడు. తావీజుల సంగతి పక్కనపెట్టి హిసాబ్‌కి వద్దాం.

తొమ్మిదో సదీలో బగ్దాద్‌లో సాబిత్ ఇబ్నె ఖుర్రా ఈ జతలు దొరికే ఖాయిదా కనిపెట్టి రుజువు చేశాడు. (సాబిత్ ముస్లిం కాదు, హర్రాన్ సాబియీ. ‘అంతా మనోళ్లే’ అని వాట్సాప్‌లో పంపే భాయిలు గమనించాలి.) 4, 8, 16 అలా రెట్టింపు చేస్తూ పోవాలి. ఉదాహరణకి 128. దాని సగాన్ని మూడింతలు చేసి ఒకటి తీసేస్తే 191. దాన్నే మూడింతలు చేసి ఒకటి తీసేస్తే 383. సగాన్నీ దాన్నీ గుణించి, తొమ్మిదింతలు చేసి, ఒకటి తీసేస్తే 73,727. మూడూ ప్రధాన సంఖ్యలైతే, మా ఉర్దూ మీడియం మాటలో ముఫ్రద్ అదద్‌లైతే, జత దొరికినట్టే: 128×191×383 ఒకటి, 128×73,727 రెండోది.

4తో 220 జత వస్తుంది. 8 కుదరదు. 16తో 17,296, 18,416. 32, 64 రెండింటినీ 95 చెడగొడుతుంది, అది 5×19 కాబట్టి. ఇక 128. 73,727 ముఫ్రదో కాదో తేలాలంటే 2 నుంచి 271 దాకా ఉన్న 58 ప్రధాన సంఖ్యలతో తఖ్సీమ్ చేసి చూడాలి. కాగితం, కలం, సబర్. సఫవీ కాలపు ఇరాన్‌లో ముహమ్మద్ బాఖర్ యజ్దీ ఈ జతని పట్టుకున్నాడు.

1638లో అదే జత నెదర్లాండ్స్‌లో ఉన్న డెకార్ట్‌కి దొరికింది, అతని పేరే నిలిచింది. అంతకు రెండేళ్ల ముందు ఫెర్మాకి దొరికిన 17,296 జత కమాలుద్దీన్ ఫార్సీకీ, మరాకష్‌లో ఇబ్నుల్ బన్నాకీ మూడు సదీల క్రితమే తెలుసు. చోరీ అనను, వాళ్లు సొంతంగానే ఆ ఖాయిదాకి చేరారు. కానీ పేరు రాసేటప్పుడు ముందు చేరినవాడి హక్ ముందుండాలి కదా!

సాబిత్ ఖాయిదాతో దొరికిన జతలు ఈ మూడే. 128 దాటాక ఇంకోటి ఇప్పటిదాకా కంప్యూటర్లకీ దొరకలేదు.