శరీర కొలతలు – మరణ ప్రమాద అంచనా

ఎత్తు, బరువు, నడుము, తుంటి చుట్టుకొలతలను బట్టి పెద్దవారిలో అకాల మరణం ముప్పు ఎంతో లెక్కగట్టే పద్ధతులివి. వీటిలో అందరికీ తెలిసింది బీఎంఐ: కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. దీనికి మూలమైన సూత్రం బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లేది. 19వ శతాబ్దం తొలి సగంలో 'సగటు మనిషి' కొలతలు వెతుకుతూ ఆయన దీన్ని గమనించాడు. ఊబకాయం ఆయన పట్టించుకున్న విషయమే కాదు. బీఎంఐ అనే పేరు 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది.

బీఎంఐ పెరిగేకొద్దీ మరణాలు వరసగా పెరుగుతాయనుకోవడం తప్పు. గీసి చూస్తే రెండు కొసలూ పైకి లేచిన వంపు వస్తుంది. 57 అధ్యయనాల్లోని దాదాపు 9 లక్షల మంది వివరాలతో 2009లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో 22.5–25 మధ్య ఉన్నవారిలో మరణాలు అతి తక్కువ. 25 దాటాక ప్రతి 5 పాయింట్లకూ ముప్పు సుమారు 30 శాతం పెరిగింది. ఎడమ కొస సంగతే చిక్కు. బక్కతనం ప్రాణం తీసిందా, ప్రాణం తీయబోయే జబ్బే ముందుగా మనిషిని బక్కచిక్కించిందా? పొగతాగేవారినీ, అప్పటికే జబ్బుపడ్డవారినీ పక్కన పెడితే తప్ప ఈ ప్రశ్న తేలదు. కాస్త ఒళ్లున్నవారే ఎక్కువకాలం బతుకుతారన్న వాదన మీద తగవంతా ఇక్కడే.

బీఎంఐ అసలు లోపం వేరే ఉంది. అది కండనూ కొవ్వునూ వేరుచేయదు, కొవ్వు ఎక్కడ చేరిందో చెప్పదు. 2004లో పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటోనే 'లాన్సెట్'లో వేసి దీన్ని చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు దాచుకునే ఈ తీరు దక్షిణాసియా వాసుల్లో ఎక్కువ. అందుకే భారతీయులకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం అని 2009లో మన నిపుణులు హద్దులు తగ్గించారు.

తొడలు, పిరుదుల దగ్గరి కొవ్వు కన్నా పొట్టలో కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ప్రమాదకరం. అది మధుమేహానికీ గుండెజబ్బుకూ దారి తీస్తుంది. 9 దేశాల్లో సుమారు 3.6 లక్షల మందిని గమనించిన యూరప్ అధ్యయనం (2008)లో, ఒకే బీఎంఐ ఉన్నవారిలోనూ నడుము పెరిగినకొద్దీ మరణాలు పెరిగాయి. దక్షిణాసియా మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హెచ్చరిక గీతలు. నడుమును బీఎంఐ, ఎత్తులతో సరిచూసే 'ఏబీఎస్ఐ' సూచికను 2012లో అమెరికా పరిశోధకులు ప్రతిపాదించారు; దాని లెక్క సామాన్యుడి చేతికి అందేది కాదు. ఇంట్లో వాడుకోదగ్గది ఒకటే: నడుము చుట్టుకొలత ఎత్తులో సగం మించకూడదు.

కొలవడానికి ప్యాంటు సైజు పనికిరాదు. బొజ్జ ఉన్నవారు ప్యాంటును దాని కిందికి జార్చి కట్టుకుంటారు కాబట్టి అది తక్కువే చూపిస్తుంది. నిలబడి, ఊపిరి మామూలుగా వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య టేపు చుట్టాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు.