రంగం పోయిన ముత్తాత

మా మాలపేటలో 'రంగం పోయాడు' అంటే రంగూను వెళ్ళాడని. మా ముత్తాత కామందు దగ్గర పాలేరుతనం ఒదిలేసి కాకినాడలో ఓడెక్కాడు. పరాయి దేశంలో పని వెతుక్కోలేదాయన. పనే మేస్త్రీ రూపంలో పేటకొచ్చింది. ఓడ ఛార్జీ, ఇంటికింత బయానా మేస్త్రీయే ఇచ్చాడు. అదంతా అప్పు. రేవులో మూటలు మోసిన కూలి మేస్త్రీ చేతికొచ్చేది, అతను పట్టుకోగా మిగిలిందే ముత్తాతకి. "కామందు మారాడంతే" అనేది మా నాయనమ్మ. కాకపోతే అక్కడ రాజుగారైనా మాలోడైనా బర్మావాళ్ళకి 'కోరంగీ'యే. కాకినాడ పక్క కోరంగి రేవు పేరది.

బళ్ళో పిల్లలకి 1930 అంటే ఉప్పు సత్యాగ్రహమనే రాయిస్తాన్నేను. మా ఇంట్లో 1930 వేరు. ఆ మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీల్ని దింపారు. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మని, మనోళ్ళని పిలిచారు. ఆకలి ఇద్దరిదీను. కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చారు, ఎక్కువమంది మనోళ్ళే. ముత్తాత బియ్యం మూటల చాటున రెండ్రోజులు దాక్కున్నాడంట.

అయినా తిరిగి రాలేదు. వస్తే మళ్ళీ పాలేరే గదా! 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాకే కదిలాడు. 1942లో కొండలెంట నడిచి, ఎముకల గూడై ఊరు చేరాడు.

వారం తిరక్కుండా కామందు కబురంపాడంట.