కారు టైరు ప్రక్కగోడ దెబ్బలు

కారు టైరులో నేలను తాకే ట్రెడ్డుకూ, రిమ్మును పట్టుకొని ఉండే అంచుకూ మధ్యన గల భాగాన్ని ప్రక్కగోడ లేదా సైడ్‌వాల్ అంటారు. టైర్ల షాపులలో దీనినే క్లుప్తంగా "సైడు" అని వ్యవహరిస్తారు. ఈ భాగానికి కోత, ఉబ్బు, చీలిక, ముల్లు లేదా మేకు గుచ్చుకోవడం వంటి దెబ్బ తగిలినపుడు టైరును అలాగే వాడవచ్చునా, మరమ్మత్తు చేయించవచ్చునా, లేక మార్చివేయాలా అన్నది వాహన యజమాని తేల్చుకోవలసిన ముఖ్యమైన విషయం. ట్రెడ్డు మధ్యన పడిన పంక్చరును సురక్షితంగా బాగుచేయవచ్చును గానీ, ప్రక్కగోడకు పడిన లోతైన దెబ్బను బాగుచేసే నమ్మకమైన పద్ధతి కారు టైర్లకు లేదు. రబ్బరు పైపొరకే పరిమితమైన గీతలకు మాత్రం టైరు మార్చనవసరం లేదు. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించుటయే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

నిర్మాణం

నేటి కార్లకు వాడేవి దాదాపు అన్నీ రేడియల్ టైర్లే. ఫ్రాన్సు దేశానికి చెందిన మిషెలిన్ సంస్థ ఈ నిర్మాణానికి 1946లో పేటెంటు పొంది, 1949లో మార్కెట్టులోకి తెచ్చింది. ఇందులో పాలియెస్టరు వంటి గట్టి దారాలు ఒక అంచు నుండి మరొక అంచుకు అడ్డంగా, సైకిలు చక్రపు పుల్లల మాదిరిగా సాగుతాయి. ఈ దారాల పొరను ప్లై అంటారు. టైరులోని గాలి ఒత్తిడిని ఓర్చుకొనేది ఈ దారాలే, రబ్బరు కాదు.

ట్రెడ్డు క్రింద ఈ ప్లైపై ఉక్కు తీగల బెల్టులు రెండు ఉంటాయి. అందువలన ట్రెడ్డు దృఢంగా ఉండి, ప్రయాణంలో తక్కువగా వంగుతుంది. ప్రక్కగోడలో ఉక్కు బెల్టులు ఉండవు. ఒకటి లేదా రెండు ప్లై పొరలు, వాటిపై కొన్ని మిల్లీమీటర్ల రబ్బరు, లోపల గాలి బయటకు పోకుండా ఆపే బ్యూటైల్ జాతి రబ్బరు పొర మాత్రమే ఉంటాయి. గతుకులను మింగి, ప్రయాణం సుఖంగా ఉండేటట్లు చేయుటకు ఈ భాగాన్ని పలుచగా, వంగేటట్లుగా తయారు చేస్తారు. సుఖాన్నిచ్చే ఈ గుణమే దాని బలహీనత కూడా.

చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రక్కగోడ నేలవైపు వచ్చినపుడు వంగి, పైకి పోయినపుడు తిరిగి నిటారుగా అవుతుంది. ఉదాహరణకు 185/65 ఆర్ 15 కొలత గల టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. అంటే కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. కర్నూలు నుండి కడపకు గల సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ప్రక్కగోడలోని ప్రతి చోటూ లక్ష సార్లకు పైగా వంగి లేస్తుంది. ట్రెడ్డుకు వేసిన అతుకు నిలిచి, ప్రక్కగోడకు వేసిన అతుకు నిలువకపోవడానికి కారణమిదే.

కల్లూరు, పరిసర ప్రాంతాల పరిస్థితులు

కర్నూలు నగరాన్ని ఆనుకొని ఉన్న కల్లూరు ప్రాంతం రెండు పెద్ద రహదారులకు దగ్గరగా ఉంది. హైదరాబాదు, బెంగుళూరు నగరాలను కలిపే 44వ జాతీయ రహదారి (పూర్వపు 7వ నెంబరు) కర్నూలు మీదుగా పోతుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడపల మీదుగా సాగే 40వ జాతీయ రహదారి (పూర్వపు 18వ నెంబరు) కర్నూలు వద్దనే మొదలవుతుంది. ఈ దారులలో కార్లు ఎక్కువ వేగంతో చాలాసేపు ఆగకుండా పోతాయి. వాటి నుండి ప్రక్క ఊళ్ళకు మళ్ళగానే కంకర తేలిన దారులు, తెగిన తారు అంచులు ఎదురవుతాయి. అనగా టైరుకు దెబ్బ తగిలేది ఒకచోట, అది పగిలి ప్రమాదం తెచ్చేది మరొకచోట కావచ్చును.

రాయలసీమలో ప్రక్కగోడకు హాని చేసేవి ముఖ్యంగా నాలుగు:

* రాళ్ళు: బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలు నాపరాతి గనులకు ప్రసిద్ధి. పగిలిన నాపరాతి అంచు పదునుగా ఉంటుంది. గనుల దారులలోనూ, దారి ప్రక్కన రాళ్ళు పేర్చిన చోట్లనూ ఇటువంటి అంచులు ప్రక్కగోడను కోయగలవు.
* ముళ్ళు: సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ ముళ్ళు పొడవుగా, గట్టిగా ఉంటాయి. కంప కొట్టివేసిన దారి అంచున కారు నిలిపినపుడు ఇవి ప్రక్కగోడలోకి దిగుతాయి.
* ఎండ: వేసవిలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుట సాధారణం. ఎండ, గాలిలోని ఓజోను కలిసి రబ్బరును పెళుసుగా చేసి సన్నని పగుళ్ళు తెస్తాయి.
* గుంతలు, స్పీడు బ్రేకర్లు: వేగంగా వచ్చి గుంత అంచును ఢీకొన్నపుడు ప్రక్కగోడ రిమ్ముకూ, గుంత అంచుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. పైకి ఏ గాయమూ కనబడకపోవచ్చును.

గాలి తక్కువగా ఉన్న టైరుకు ఈ హానులన్నీ ఎక్కువవుతాయి. ప్రక్కగోడ మరింతగా వంగి వేడెక్కుతుంది.

దెబ్బల రకాలు

గీతలు, రాపిడి

ఫుట్‌పాత్ అంచుకు రాసుకొన్నపుడు రబ్బరు పైపొర గీసుకుపోతుంది. దారాలు కనబడకపోతే, గీతను వేళ్ళతో విప్పి చూసినపుడు లోతు లేకపోతే ఆ టైరును వాడవచ్చును. చిన్న రబ్బరు పెళ్ళ ఊడిన చోట కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఆ చోటును కొన్ని వారాలపాటు గమనిస్తూ ఉండాలి.

కోత

రాయి లేదా ఇనుప ముక్క కోసిన చోట లోపలి దారాలు కనబడితే టైరును మార్చవలసినదే. గాలి పోవడం లేదనే కారణంతో దానిని నమ్మరాదు. దారాలు బయటపడితే తేమ, దుమ్ము లోపలికి చేరి రబ్బరుకూ, దారాలకూ మధ్య పట్టు సడలుతుంది. కోత లోతు తెలియనపుడు టైరును రిమ్ము నుండి విప్పి లోపలి వైపు చూడాలి.

ఉబ్బు

ప్రక్కగోడపై నిమ్మకాయంత గానీ, కోడిగ్రుడ్డంత గానీ ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్లు అర్థం. ఆ చోట గాలి ఒత్తిడిని ఆపుతున్నది ఒట్టి రబ్బరు మాత్రమే. ఉబ్బు చిన్నదైనా టైరు మార్చాలి. ఇది ఏ క్షణాన పగులుతుందో ముందుగా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. గాలి తగ్గించి ఉబ్బును అణచడం వలన ప్రమాదం పెరుగుతుందే గానీ తగ్గదు.

లొట్ట

ఉబ్బుకు వ్యతిరేకంగా, ప్రక్కగోడపై లోపలికి నొక్కుకొన్నట్లు నిలువుగా సాగే పలుచని లొట్టలు కొన్ని టైర్లలో కనబడతాయి. టైరు తయారీలో ప్లై పొర రెండు కొసలు ఒకదానిపై ఒకటి పడిన చోట ఇవి ఏర్పడతాయి. రేడియల్ టైర్లలో ఇది సహజం. దీని వలన హాని లేదు. చేతితో తడిమి చూస్తే ఉబ్బుకూ, లొట్టకూ తేడా తెలుస్తుంది.

ప్రక్కగోడ పంక్చరు

ముల్లు, మేకు ప్రక్కగోడలో గానీ, ట్రెడ్డు భుజం వద్ద గానీ లోపలి వరకు దిగితే ఆ టైరు మరమ్మత్తుకు పనికిరాదు. అమెరికా టైరు తయారీదారుల సంఘం సూచనల ప్రకారం ట్రెడ్డు మధ్య భాగంలో 6 మిల్లీమీటర్లు మించని రంధ్రాలను మాత్రమే పూడ్చాలి. బ్రిటిషు ప్రమాణం కూడా చిన్న మరమ్మత్తులను ట్రెడ్డు మధ్య భాగానికే పరిమితం చేసింది. ముల్లు రబ్బరు పైపొరలోనే ఆగిపోయి, తీసిన తరువాత సబ్బు నీళ్ళు పోస్తే బుడగలు రాకపోతే, గాలి ఒత్తిడిని కొన్ని రోజులు చూసి నిర్ణయించవచ్చును.

పగుళ్ళు

వెంట్రుక మందంలో ఉన్న పైపైని పగుళ్ళు రబ్బరు వయసును సూచిస్తాయి. అవి లోతుగా మారినా, వేలి గోరు దిగేటంత వెడల్పైనా టైరు మార్చాలి.

గాలి లేకుండా నడిచిన గుర్తు

గాలి పోయిన టైరుతో కొంతదూరం నడిపితే ప్రక్కగోడ చుట్టూ వలయంలా నలిగిన గుర్తు ఏర్పడుతుంది. విప్పి చూస్తే లోపల నల్లని రబ్బరు పొడి, ముడతలు కనబడతాయి. పంక్చరు ట్రెడ్డులోనే ఉన్నా ఇటువంటి టైరును తిరిగి వాడరాదు.

పరీక్షించు విధానం

1. టైరును నీటితో కడిగి ఆరనివ్వాలి. బురద, దుమ్ము కోతలను కప్పివేస్తాయి.
2. దెబ్బ తగిలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అరచేతితో చుట్టూ తడమాలి.
3. కారు అడుగువైపుకు ఉండే లోపలి ప్రక్కగోడను తప్పక చూడాలి. బయటి నుండి కనబడని ఈ భాగంలోని ఉబ్బులు చాలాకాలం తెలియకుండా ఉండిపోతాయి.
4. అనుమానం తీరకపోతే టైరును విప్పించి లోపలి పొరను వెలుతురులో పరిశీలించాలి.
5. స్టీరింగు కొత్తగా వణికినా, ఒక ప్రక్కకు లాగినా రిమ్ము వంగినదేమో కూడా చూపించుకోవాలి.

రోడ్డు ప్రక్క మరమ్మత్తులు

పంక్చరు షాపులలో కోత పడిన చోట లోపల మందపాటి ప్యాచీ అంటించడం, పాత టైరు ముక్కను గేటరుగా పెట్టడం, ట్యూబులెస్ టైరులో ట్యూబు వేయడం వంటి పద్ధతులు ఉన్నాయి. ఇవి గాలిని ఆపగలవు గానీ తెగిన దారాలకు బలాన్ని తిరిగి ఇవ్వలేవు. పైగా ప్యాచీ, గేటరు ఉన్న చోట టైరు గట్టిపడి, దాని అంచు వద్ద వంపు ఎక్కువై వేడి పుడుతుంది. లారీ టైర్ల ప్రక్కగోడలకు వేడి చేసి అతికే పెద్ద మరమ్మత్తులు జరుగుతాయి. వాటి నిర్మాణం వేరు కనుక దానిని చూసి కారు టైరుకు అన్వయించరాదు.

పెద్ద ఊరు చేరేవరకు ఏం చేయాలన్నది దారిలో వచ్చే ప్రశ్న. దీనికి సరైన సమాధానం స్టెప్నీ. భారతదేశంలో అదనపు చక్రానికి వాడే ఈ పేరు, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వేల్సు దేశంలోని లనెల్లి పట్టణంలో తయారైన స్టెప్నీ చక్రం నుండి వచ్చినది. కొన్ని కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది. దానితో సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించరాదు. 2020 అక్టోబరు నుండి అమలైన నిబంధనల ప్రకారం, గాలి ఒత్తిడిని తెలిపే యంత్రాంగమూ, మరమ్మత్తు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అయితే ఆ కిట్టులోని జిగురు ద్రవం ప్రక్కగోడ కోతను పూడ్చలేదు. అటువంటి కారు గలవారు దూర ప్రయాణానికి ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

టైరు మార్చునపుడు

కొత్త టైరు కొలత, బరువు సూచిక, వేగ సూచిక పాతదానికి సరిపోవాలి. 185/65 ఆర్ 15 88 హెచ్ అన్న గుర్తులో 185 మిల్లీమీటర్లలో వెడల్పు, 65 వెడల్పులో ప్రక్కగోడ ఎత్తు శాతం, 15 అంగుళాలలో రిమ్ము వ్యాసం. 88 అనగా ఒక టైరు 560 కిలోల బరువు మోయగలదని, హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తగినదని అర్థం. ప్రక్కగోడపై ముద్రించే నాలుగంకెల సంఖ్య తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. పాత టైరు కొనేవారు ఈ సంఖ్యను, లోపలి పొరను చూడకుండా కొనరాదు.

ఒకే ఇరుసుపై ఉన్న రెండు టైర్ల అరుగుదల దగ్గరగా ఉండాలి. రెండవ టైరు సగానికి పైగా అరిగి ఉంటే జతగా మార్చడం మేలు. కొత్త జతను వెనుక చక్రాలకు వేయాలని టైరు తయారీదారులు సూచిస్తారు. తడి రోడ్డుపై వెనుక టైర్లు జారితే కారును అదుపు చేయడం కష్టం. కార్ల టైరు ట్రెడ్డు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతుంది. ప్రక్కగోడ దెబ్బతిన్న టైరుకు ట్రెడ్డు ఎంత మిగిలి ఉన్నా లెక్కలోకి రాదు.

ఖర్చు, బీమా, బాధ్యత

తక్కువ అరిగిన టైరును పారవేయడానికి మనసొప్పకపోవడం సహజం. ట్రెడ్డు నిండుగా ఉన్నపుడు చాలామంది "ఇంకొంత కాలం నడుస్తుంది" అని భావిస్తారు. రాయి, గుంత వలన కలిగిన దెబ్బలు సాధారణంగా తయారీ లోపంపై ఇచ్చే వారంటీ క్రిందకు రావు. భారతదేశంలోని సాధారణ సమగ్ర బీమాలో టైరు ఒక్కటే దెబ్బతింటే పరిహారం ఉండదు. అదే ప్రమాదంలో వాహనం కూడా దెబ్బతింటే టైరు ఖర్చులో 50 శాతం వరకు ఇస్తారు. టైర్లకు విడిగా అదనపు రక్షణ తీసుకొనే వీలు ఉంది.

మరొక వైపు, టైరు పగిలి జరిగిన ప్రమాదానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానాల ముందుకు వచ్చింది. 2010లో పూణే నుండి ముంబయి వెళుతున్న కారు ప్రమాదానికి సంబంధించిన కేసులో, టైరు పగలడం దైవఘటన కాదని, అది మానవ నిర్లక్ష్యమని బొంబాయి హైకోర్టు 2023లో తీర్పునిచ్చింది. మృతుని కుటుంబానికి సుమారు 1.25 కోట్ల రూపాయల పరిహారాన్ని ఖరారు చేసింది.

టైరు పగిలినపుడు

వేగంలో ఉండగా టైరు పగిలితే స్టీరింగును రెండు చేతులతో గట్టిగా నిటారుగా పట్టుకొని, యాక్సిలరేటరు నుండి కాలు నెమ్మదిగా తీయాలి. గట్టిగా బ్రేకు వేయరాదు. వేగం బాగా తగ్గిన తరువాత ఎడమ ప్రక్కకు తీసి, హెచ్చరిక దీపాలు వేసి, అందరూ రోడ్డుకు దూరంగా నిలబడాలి.

నివారణ

గాలి ఒత్తిడిని కనీసం పదిహేను రోజులకు ఒకసారి, టైరు చల్లగా ఉన్నపుడు చూడాలి. సరైన ఒత్తిడి డ్రైవరు తలుపు వద్ద గల చీటీపై ఉంటుంది. ఎండలో 32 పీఎస్‌ఐ ఉన్న టైరు 25 నుండి 45 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి సుమారు 3 పీఎస్‌ఐ పెరుగుతుంది. ఇది సహజం కనుక వేడి టైరు నుండి గాలి తీయరాదు. గుంతలు, నాపరాళ్ళు ఉన్న దారిలో నెమ్మదిగా పోవడం, కారును నీడన నిలపడం, కంప ఉన్న అంచులకు దూరంగా ఉండడం టైరు ఆయుష్షును పెంచుతాయి.

ఇవి కూడా చూడండి

* టైరు
* పంక్చరు
* కల్లూరు
* జాతీయ రహదారి 44
* జాతీయ రహదారి 40