అండమానులో త్రాగునీరు

పోర్టుబ్లెయిరు చరిత్ర చదువువారు సాధారణముగా సెల్యులార్ జైలు వద్దనే ఆగిపోవుదురు. 2024లో శ్రీవిజయపురమను పేరు దాల్చిన యీ పట్టణపు చరిత్రలో నీటికిగల పాత్రను తలచువారు తక్కువ.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం దీవియందు తొలి వలసను నెలకొల్పెను. 1792లో దానిని ఉత్తర అండమానునకు మార్చిరి. అచ్చట రోగములు ప్రబలుటచే 1796లో విడిచివేసిరి. 1858 మార్చి 10న డాక్టరు వాకరు రెండువందల ఖైదీలతో దిగినదియు చాథముననే. నీటి కొరతచే అనతికాలముననే స్థావరమును రాస్ దీవికి తరలింపవలసి వచ్చెను. చుట్టును సముద్రము, సాలునకు సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. అయినను వేసవిలో దాహము! ఏటవాలు నేల వాననీటిని నిలువనీయదు. ధనిఖారి జలాశయము 1973లో గాని ఏర్పడలేదు.

నీరు దొరకుట యొకటి, అది నిరపాయముగా నుండుట వేరొకటి. మన పెద్దలు చిల్లగింజను అరగదీసి కడవలో కలిపెడివారు. సుశ్రుతుడును దీనిని కతకమను పేర పేర్కొనెను. బురద అడుగునకు దిగి నీరు తేటపడును. కాని తేటనీరెల్ల మంచినీరు కాదు. 1854లో లండనులో జాన్ స్నో కలరాకు ఒక వీధిపంపు నీరు కారణమని చూపెను. అండమానును పాలించిన కలకత్తాలోనే 1884లో కాక్ పండితుడు ఒక చెరువునీటిలో ఆ రోగక్రిమిని కనుగొనెను. కంటికి కనబడని శత్రువును చిల్లగింజగాని పటికగాని పూర్తిగా తొలగింపజాలవు.

వేసవి ముదిరినప్పుడు నీటిని పట్టి నిలువ చేసికొను డిగ్నాబాదు వంటి పేటలలో ఈ భేదము ముఖ్యము. తెర్లుచున్న నీటిని ఒక్క నిమిషము మరగనిచ్చినచో క్రిములు నశించును. మన గృహిణులు దీనిని బాగుగనే ఎరుగుదురు. మరచునది తరువాతి సంగతి. కాచిన నీటికి తిరిగి చెడకుండ కాచుకొను శక్తి లేదు. మూత లేని బిందెలో చేయి ముంచి గ్లాసుతో తీసినచో పొయ్యిమీది శ్రమ వ్యర్థము. కావున పొడవు పిడిగల గరిటె గాని, కుళాయిగల పాత్ర గాని కావలెను.

క్లోరిను గుణము వేరు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరి నీటికంతకును దానిని నిత్యము కలుపసాగిరి. నీటిలో మిగిలిన కొద్దిపాటి క్లోరిను గొట్టములలోను, బిందెలోను గూడ కొంతసేపు కావలి కాయును. చుట్టములు "మందువాసన" యని ముక్కు మూసికొనునది ఆ కావలివాని వాసననే.